మెల్లగా పట్టుకో

ఆర్డెన్ ఫెల్క్‌నర్ నోరు ఊరుకోదు. బాస్కెట్‌బాల్ కోర్టులో ఈల ఒక బుగ్గన పెట్టుకుని, రెండో బుగ్గతో ఆట అయ్యేదాకా మాట్లాడుతూనే ఉంటాడు.

"పద్నాలుగో నంబరూ, ఆ మోచెయ్యి కాస్త దించు తల్లీ, ఎవరి కంట్లోనైనా పొడుస్తావు."

"ఏమ్మా పొడుగమ్మాయ్, ఆ గీతల మధ్య కాపురం పెట్టావా ఏంటి? బయటికి రా."

ఆ మాటకి పిల్ల మోచెయ్యి దించుతుంది. పొడుగమ్మాయి నవ్వుకుంటూ బయటికొస్తుంది. ఫౌల్ జరగదు, ఈల ఊదే పనే ఉండదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఆయన నమ్మకం. ఇండియానా దక్షిణాన ఉన్న ఆ మూడు కౌంటీల్లో ఇరవై రెండేళ్లుగా హైస్కూలు ఆటలన్నీ ఆ నమ్మకం మీదే నడిపించాడు. పగలు ధాన్యం గోదాములో కాటా దగ్గర కూర్చుని మొక్కజొన్న లారీలు తూస్తాడు. అక్కడా అంతే, ఒక్కో లారీకి పావుగంట కబుర్లు. కాటా మాత్రం గింజ అటూ ఇటూ కానివ్వడు.

ఆయనకున్న కోరిక ఒక్కటే. మార్చిలో ఇండియానాపొలిస్‌లో జరిగే స్టేట్ ఫైనల్లో ఒక్కసారి, జన్మకొక్కసారి, ఈల ఊదాలి. దానికి రిఫరీలని ఎంపిక చేసే రాష్ట్ర క్రీడా సంఘం వాళ్లు ఏటా ఒక పరిశీలకుణ్ణి పంపిస్తారు. ఆయన పైవరుసలో పసుపు కాగితాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూస్తాడు, పోతాడు. తర్వాత పోస్టులో కాగితం వస్తుంది. చూపు బాగుంది, పరుగు బాగుంది, రూలు తెలుసు. కింద ఎప్పుడూ అదే వాక్యం: "ఆటగాళ్లతో మాటలు ఎక్కువ." స్టేట్ ఇంకెవరికో పోతుంది.

ఆ కాగితాలన్నిటినీ ఆయన భార్య వర్నా ఫ్రిజ్ తలుపుకి ఒకదాని మీద ఒకటి అయస్కాంతాలతో అతికించేది.

"ఈ సంగతి పెళ్లిరోజే నాకు తెలుసు. నన్నడిగితే పాపం వాళ్లకి ఇన్నేళ్ల పోస్టు ఖర్చు మిగిలేది" అనేది.

ఇక్కడ రూలు గురించి కొంచెం చెప్పుకోవాలి. కొంచెమే, ఎందుకంటే ఎక్కువ చెప్పినకొద్దీ అర్థం కాకుండా పోయే రూలది. దాని పేరు 'కావాలని చేసిన ఫౌల్'. ప్రతి నవంబరులో కొత్త రిఫరీలకి పాఠం చెప్పే పని ఆర్డెన్‌దే. సోమవారం సాయంత్రం మాజీ సైనికుల హాల్లో ఇనప కుర్చీలు వేసుకుని కూర్చుంటారు.

"ఆట ఆఖర్లో వెనకబడ్డ జట్టు ఏం చేస్తుంది? ఫౌల్ చేస్తుంది. గడియారం ఆగాలిగా మరి. కోచ్ 'పట్టుకో, ఫౌల్ చెయ్!' అని గొంతు చించుకుంటాడు. జిమ్ములో రెండు వేల మంది వింటారు. దాన్ని మనమేమంటాం?"

"కావాలని చేసిన ఫౌల్" అంటాడు ముందు వరుసలో కొత్తవాడు.

"తప్పు. మామూలు ఫౌల్."

"అదేంటి? కావాలనే కదా చేసింది?"

"కావాలనే చేసింది నాయనా. అయినా కావాలని చేసింది కాదు. బంతి మీదికి చెయ్యి విసిరిందా? విసిరితే అది మామూలు ఫౌల్, ఎంత గట్టిగా తగిలినా సరే, మరీ మోటుగా కొట్టనంతవరకు. బంతిని వదిలేసి మనిషిని పట్టుకుందా? అది కావాలని. దానికి వాళ్లకి రెండు ఫ్రీ త్రోలు, పైగా బంతి కూడా వాళ్లకే. మనసులో ఏముందో దేవుడు చూసుకుంటాడు. మనం చూడాల్సింది చేతులు."

అందరూ తలూపేవారు. ఒక్కడికీ అర్థమయ్యేది కాదు. ఆర్డెన్ మాత్రం తనకి అర్థమైందనే అనుకునేవాడు. ఆ ఏడాది ఫిబ్రవరి దాకా.

ఫిబ్రవరి మొదటి శనివారం ఆడపిల్లల సెక్షనల్ ఫైనల్, స్టేట్ దారిలో మొదటి మెట్టు. డన్‌మోర్ జట్టూ, ఓట్స్ ప్రెయిరీ జట్టూ. ఓడినవాళ్లకి ఆ ఏడు ఆట అక్కడితో సరి. డన్‌మోర్ వాళ్లు సెక్షనల్ గెలిచిన పాపాన ఎన్నడూ పోలేదు. ఆ ఊరి దుకాణాలన్నీ మధ్యాహ్నం మూడింటికే మూసేశారు. డన్‌మోర్ జిమ్ము గుమ్మం దగ్గర పాప్‌కార్న్ కోసం వరుస బయట మంచులోకి సాగింది. ఆర్డెన్ చూపు లోపలికి రాగానే పైవరుసకి పోయింది. గ్లెన్ ప్రుయిట్ కూర్చున్నాడక్కడ, ఒళ్లో పసుపు పుస్తకం.

"ఇవాళ నోరు మూసుకుని ఉండు. ఒక్క రోజు. నా కోసం" అని వర్నా కారు దిగేటప్పుడు చెప్పింది.

నిజంగానే మూసుకున్నాడు. మొదటి సగమంతా పళ్లు బిగపట్టాడు. పొడుగమ్మాయిలు గీతల మధ్య ఎక్కువసేపు నిలబడితే మాట్లాడకుండా ఈల ఊదాడు. ఆయనతో పాటు ఈల పట్టిన మార్టీ మధ్యలో దగ్గరికొచ్చి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

ఆరు సెకన్లు మిగిలాయి. డన్‌మోర్ ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి ఓట్స్ ప్రెయిరీది. గీత అవతల నుంచి వాళ్లు బంతి లోపలికి వేయాలి. అప్పుడు డన్‌మోర్ కోచ్ స్టాల్‌కప్ ఆర్డెన్ పక్కకి వచ్చి, మామూలుగా అందరు కోచ్‌లూ చెప్పే మాట చెప్పాడు.

"ఆర్డెన్, ఫౌల్ చేస్తున్నాం."

"వింటున్నా" అన్నాడు ఆర్డెన్.

ఇది అక్కడి మర్యాద. ముందే చెప్తే రిఫరీ కాచుకుని ఉంటాడు, ముని వేలు తగలగానే ఊదుతాడు. ఊదలేదంటే పిల్లలు రెండోసారి ఇంకా గట్టిగా కొడతారు, దెబ్బలు తగులుతాయి. ఫౌల్ చేస్తామని ఒకడు చెప్పడం, సరే చెయ్యమని ఒకడు వినడం, తర్వాత అది కావాలని చేసింది కాదని ఇద్దరూ ఒప్పుకోవడం. బయటి నుంచి వచ్చిన వాడెవడైనా చూస్తే వీళ్లకి మతిపోయిందనుకుంటాడు.

బంతి డీడ్రా హాస్ చేతికొచ్చింది. ఓట్స్ ప్రెయిరీలో బాగా ఆడే పిల్ల. కుడి మణికట్టుకి తెల్లటి కట్టు. ఎదురుగా డన్‌మోర్ పిల్ల లోరీన్ బిట్నర్, పందుల పెంపకం చేసే వెండెల్ బిట్నర్ కూతురు, పన్నెండో తరగతి. ఆర్డెన్ వాళ్లకి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అంత దగ్గర నుంచి ఏ రిఫరీకీ ఏదీ తప్పిపోదు.

లోరీన్ కుడిచెయ్యి బంతి మీదికి లేచింది. మధ్యలో ఆగింది. ఆ చెయ్యి కిందికి దిగింది. తర్వాత రెండు చేతులూ డీడ్రా నడుం చుట్టూ వేసి, పడబోయే పిల్లని ఆపినట్టు మెల్లగా పట్టుకుంది. గడ్డం కూడా ఆ పిల్ల భుజం మీద ఆనించింది. డీడ్రా విదిలించుకోలేదు. ఇద్దరూ అలా నిలబడ్డారు.

ఆర్డెన్ ఈల ఊదాడు. ఆ తర్వాత ఆయన ఏమీ ఆలోచించలేదు. రెండు చేతులూ వాటంతటవే తల మీదికి లేచి, పిడికిళ్లు బిగించి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కావాలని చేసిన ఫౌల్.

జిమ్ములో సగం మంది లేచి కేకలు, మిగతా సగం మంది లేచి చప్పట్లు.

"ఫెల్క్‌నర్! కళ్లు కాటా మీద మర్చిపోయొచ్చావా?"

"ఒరే, కౌగిలించుకుంటే కూడా ఫౌలేనట్రా! మీ ఆవిణ్ణి అడుగు!"

లోరీన్ మాత్రం అరవలేదు. చేతులు ఇంకా అలాగే ముందుకు పెట్టుకుని ఆయన వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. దారి తప్పిన మనిషి మొహంలా ఉంది.

"మీరే కదా చెప్పారు?" అంది.

ఆర్డెన్‌కి ఏ సంగతో అర్థం కాలేదు. ఏంటమ్మా అని అడగబోయాడు. పైవరుసలో పసుపు పుస్తకం గుర్తొచ్చింది. నోరు మూసుకుని వెళ్లి, స్కోరు బల్ల దగ్గర నంబరు చూపించాడు.

డీడ్రా గీత మీద నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా, కట్టు ఉన్న చేత్తోనే రెండు ఫ్రీ త్రోలూ బుట్టలో వేసింది. బంతి మళ్లీ వాళ్లదే. మిగిలిన నాలుగు సెకన్లూ దాన్ని ఒకరి నుంచి ఒకరికి తిప్పుతూ గడిపేశారు. డన్‌మోర్ పిల్లలు వెంటపడ్డారు గానీ అందుకోలేకపోయారు. లోరీన్ వెంటపడలేదు. ఉన్నచోటే నిలబడింది.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చి వంటింట్లో కూర్చున్నారు. వర్నా బంగాళాదుంపలు చెక్కుతోంది. ఆర్డెన్ రూలు పుస్తకం తెరిచి పెట్టుకుని, అదే పేజీ నాలుగోసారి చదువుతున్నాడు.

"తప్పు లేదు. ఎటు నుంచి చూసినా నేను ఊదింది కరెక్టే."

"కాదని ఎవరన్నారు?"

"ఆ పిల్ల 'మీరే కదా చెప్పారు' అంది. నేనేం చెప్పాను? నిన్న నేనసలు ఎవరితోనూ మాట్లాడలేదు."

"నిన్న మాట్లాడలేదేమో. అంతకుముందు ఏదో చెప్పుంటావు. నువ్వు ఏదో ఒకటి చెప్పని పిల్ల ఈ మూడు కౌంటీల్లో ఉందా?" వర్నా కత్తి పక్కన పెట్టింది. "డిసెంబర్లో ఇదే పిల్ల కాదూ? ఆ డీడ్రా చెయ్యి విరిగినప్పుడు?"

ఆర్డెన్ పుస్తకం మీంచి తలెత్తాడు.

డిసెంబర్లో డన్‌మోర్ జిమ్ములోనే, ఇవే రెండు జట్లు. అప్పుడూ ఆట ఆఖర్లోనే. లోరీన్ బంతిని కొట్టబోయి డీడ్రా మణికట్టు మీద కొట్టింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. బంతి కోసమే వెళ్లింది కాబట్టి మామూలు ఫౌల్ అని ఊదింది ఆర్డెనే. అదీ కరెక్టే. డీడ్రాని బయటికి తీసుకెళ్తుంటే లోరీన్ కోర్టు మధ్యలో నిలబడి వణికిపోయింది.

"నువ్వు వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడ్డావు. చాలాసేపు. ఇంకో కాగితం ఫ్రిజ్ మీదికి వచ్చిందనుకున్నాను నేను" అంది వర్నా.

అప్పుడు గుర్తొచ్చింది. మొత్తం, ఒక్క మాట పోకుండా. 'ఏడవకు తల్లీ. నువ్వు కావాలని చెయ్యలేదు, నేను చూశాగా. ఇంకోసారి ఫౌల్ చెయ్యాల్సొస్తే చెయ్యి విసరకు. మెల్లగా పట్టుకో. నేను చూస్తాను, వెంటనే ఊదుతాను.'

మనసు బాగుండి చెప్పిన మాట. పిల్ల ఏడుస్తుంటే ఊరుకోలేక చెప్పిన మాట. తను నవంబరులో ఇనప కుర్చీల ముందు చెప్పే పాఠానికి అది పూర్తిగా ఎదురని ఆ క్షణాన తట్టనే లేదు. చెప్పేటందుకే నీతులన్నట్టు, అక్కడ ఒకటి చెప్పాడు, ఇక్కడ ఒకటి చెప్పాడు. రెండూ మనస్ఫూర్తిగానే చెప్పాడు.

వర్నా మళ్లీ కత్తి అందుకుంది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఆర్డెన్, గ్లెన్‌ని. నిన్న నువ్వు చూపించావయ్యా దమ్ము! రోజూ నీ కాటాకొచ్చే మనుషుల మధ్య, ఆరు సెకన్లుండగా, చేతులు అడ్డంగా పెట్టడమంటే మాటలా! వంద మందిలో తొంభై మంది మామూలు ఫౌల్ ఇచ్చేసి ఇంటికి పోతారు. పైగా ఆ పిల్ల ఏదో వాదించబోతే నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. అది రాసుకున్నాను. మార్చి మొదటి శనివారం ఖాళీగా ఉంటావా?"

"ఉంటాను" అనేశాడు ఆర్డెన్.

ఇరవై రెండేళ్లుగా లోపల లోపల సాధన చేసిన జవాబు అది. ఆయన్ని అడక్కుండానే బయటికొచ్చింది. ఫోన్ పెట్టేశాక సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. ఉంది. దాని పక్కనే ఇంకేదో కూడా ఉంది, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా ఉన్నాయి.

"ఎవరు?" అంది వర్నా.

"గ్లెన్. స్టేట్ ఇచ్చారు."

వర్నా వచ్చి తడిచేతులతోనే ఆయన మొహం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. తర్వాత వెనక్కి జరిగి చూసింది.

"మరి ఆ మొహమేంటి?"

"నేను బిట్నర్ల ఇంటికి వెళ్లొస్తా" అన్నాడు.

*

వెండెల్ బిట్నర్ పందుల షెడ్డు ముందు ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. బూట్లు చూసే ఎవరొచ్చారో పోల్చుకున్నాడు కాబోలు, లేవకుండానే మాట్లాడాడు.

"పదిహేనేళ్లుగా నా లారీ తూస్తున్నావు ఆర్డెన్. ఒక్కసారి కూడా కాటా తప్పలేదు. నిన్న ఏమైందో నాకు మాత్రం అంతుబట్టడం లేదు."

"నిన్న కూడా తప్పలేదు వెండెల్."

"అదే అంతుబట్టడం లేదు. పిల్ల లోపలుంది."

లోరీన్ షెడ్డులో తొట్లలోకి దాణా పోస్తోంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తండ్రి కోటు. ఆయన్ని చూసి బకెట్టు దించింది.

"రండి ఫెల్క్‌నర్ గారూ. అటు పక్క నుంచి రండి, లేకపోతే మీ చర్చి బూట్లు పనికిరాకుండా పోతాయి."

ఆయన అటు పక్క నుంచే వచ్చాడు. దారంతా ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాడు గానీ మొదటి మాటకే అది చెదిరిపోయింది.

"డిసెంబర్లో నేనే చెప్పానమ్మా. నిన్న నువ్వన్నప్పుడు నాకు గుర్తుకు రాలేదు. ఇవాళ వచ్చింది."

"నాకు గుర్తుంది" అంది లోరీన్. "రోజూ ప్రాక్టీసు చేశాను. వంటింట్లో మా అమ్మని పట్టుకుని. ఎంత మెల్లగా పట్టుకుంటే ఎంత గట్టిగా ఆగుతుందో చూసుకున్నాను. అమ్మకి ఒకటే నవ్వు. స్టవ్ మీద ఏదో మాడిపోతోందనేది."

"మీ కోచ్ చెప్పలేదా, మనిషిని పట్టుకుంటే..."

"కోచ్ బంతిని కొట్టమనే చెప్పాడు. నాకు మీ మాటే నచ్చింది. రిఫరీ కదా, మీకంటే ఎవరికి తెలుస్తుందనుకున్నా."

ఆర్డెన్ తొట్టి అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఒక పంది వచ్చి ఆ చెయ్యి వాసన చూసి పోయింది.

"నా తప్పమ్మా" అన్నాడు.

"ఏది? చెప్పడమా, ఊదడమా?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఊదింది కరెక్టే."

"అయితే చెప్పింది తప్పా?"

"చెప్పింది..." ఆ పిల్ల వణకడం కళ్ల ముందుకొచ్చింది. "అదీ తప్పనిపించడం లేదు నాకు."

"మరి నేను చేసింది?"

"రూలు ప్రకారం తప్పే."

"మీరు చెప్పింది తప్పు కాదు, మీరు ఊదింది తప్పు కాదు. మధ్యలో నేనొక్కదాన్నే తప్పు." లోరీన్ ఎత్తిపొడుపుగా అనలేదు. లెక్క సరిగ్గా చేశానా అని టీచర్ని అడిగినట్టే అడిగింది. "సరే, అయితే నిన్న నేనేం చేసుండాల్సింది? నిజంగా అడుగుతున్నాను."

సోమవారం సాయంత్రం ఇనప కుర్చీల్లో ఎవడైనా ఈ ప్రశ్న వేస్తే ఆర్డెన్ ఊపిరి తీసుకోకుండా జవాబు చెప్పేవాడు. ఇక్కడ ఒక్కో మాటా వెతుక్కోవాల్సి వచ్చింది.

"బంతి మీదికి... చెయ్యి..."

"బంతి ఆ చేతిలోనే ఉంది."

"అవును."

"కట్టున్న చేతిలో."

"అవునమ్మా."

"నా చెయ్యి లేచింది కూడా. మీరు చూశారు కదా? లేచింది. ఆ కట్టు కనిపించింది. అక్కడే మళ్లీ కొడితే మామూలు ఫౌల్, ఫ్రీ త్రోల తర్వాత బంతి వాళ్లకి ఇచ్చేవారు కాదు, మేం గెలిచేవాళ్లమేమో కూడా. కొట్టలేదు కాబట్టి కావాలని చేసినట్టు."

"చెయ్యి విరగ్గొట్టమని రూలు చెప్పదమ్మా."

"మరేం చెబుతుంది?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు, రెండు జట్ల మధ్యా ఇరవై రెండేళ్లు నిలబడ్డ మనిషికి అలవాటైన ఇరకాటమే ఇది అనుకోవచ్చు. కాదు. అక్కడ కోపాలుండేవి, ఆయనకి వాటితో ఎలా వేగాలో తెలుసు. ఇక్కడ ఎవరికీ కోపం లేదు. 

లోరీనే జాలిపడి మాట మార్చింది. "పొద్దున డీడ్రా ఫోన్ చేసింది. చెయ్యి బాగానే ఉందట." బకెట్టు మళ్లీ ఎత్తుకుంది. "మీకు స్టేట్ ఇస్తారని ఊళ్లో అనుకుంటున్నారు. ఇచ్చారా?"

"ఇచ్చారు." ఆ మాట చెప్పడానికి ఆయనకి సిగ్గేసింది.

"వెళ్లండి మరి. నాకేం కోపం లేదు. నిజంగా. ఒక్కటి మాత్రం."

"చెప్పమ్మా."

"అక్కడి పిల్లలకి ముందుగా ఏమీ చెప్పకండి."

మెట్టు ఊడింది, చూసి దిగండి అని చెప్పినట్టుగా చెప్పి, రెండో తొట్టి వైపు వెళ్లిపోయింది.

*

మార్చి మొదటి శనివారం ఇండియానాపొలిస్‌లో ఆర్డెన్ ఈల ఊదాడు. వర్నా కొత్త కోటు కొనుక్కుని ఎనిమిదో వరుసలో కూర్చుంది. గోదాము వాళ్లు పదకొండు మంది రెండు వ్యానుల్లో వచ్చారు. నేల అద్దంలా ఉంది, దీపాలు కళ్లలో పడుతున్నాయి, ఆయన కలలో చూసుకున్నదానికంటే అన్నీ పెద్దగా ఉన్నాయి. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

"నీ గురించి వేరేగా విన్నానే. వసపిట్టవి అన్నారు" అన్నాడు జతగా ఈల పట్టినవాడు విరామంలో.

ఆర్డెన్ నీళ్లు తాగాడు.

ఆట ఆఖరు నిమిషంలో, వెనకబడ్డ జట్టులో ఒక బక్కపిల్ల బంతి మీదికి చెయ్యి విసిరింది. బంతి కోసమే విసిరింది. తగిలిన ఊపుకి అవతలి పిల్ల పడి, చీలమండ పట్టుకుని ముడుచుకుపోయింది. ఆర్డెన్ మామూలు ఫౌల్ ఊదాడు. కరెక్టే. జట్టు వైద్యుడు పరుగెత్తుకొచ్చాడు. ఆట ఆగింది. బక్కపిల్ల మాత్రం తన జట్టు దగ్గరికి వెళ్లలేదు. ఎవరి దగ్గరికెళ్లాలో తెలియక, దగ్గర్లో ఉన్న పెద్దమనిషి పక్కకి వచ్చి నిలబడింది. 

"సార్, నేను కావాలని చెయ్యలేదు" అంది. తర్వాత, "నేనేం చేసుండాల్సింది సార్?" అంది.

ఆయన దగ్గర ఆ పిల్లకి చెప్పాల్సిన మాటలు బోలెడున్నాయి. ఏడవకు తల్లీ. నేను చూశాను. లేస్తుందిలే, చీలమండ బెణికిందంతే. అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఏ మాట ఎక్కడికి పోయి ఎవరిని ఎలా తాకుతుందో ఆయనకిప్పుడు తెలీదు. ఒకప్పుడు తెలుసుననుకునేవాడు. ఈల పళ్ల మధ్య పెట్టుకుని, గట్టిగా కరిచిపట్టుకుని, గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ పిల్ల కాసేపు చూసింది. ఈయన వినలేదేమో అనుకుంది కాబోలు. జెర్సీ అంచుతో మొహం తుడుచుకుని, తన జట్టు వైపు ఒంటరిగా నడిచి వెళ్లింది. ఆర్డెన్‌కి ఏడుపొచ్చింది. ఎందుకో సరిగ్గా చెప్పమంటే చెప్పలేడు.

రెండు వారాల తర్వాత పోస్టులో కాగితం వచ్చింది. వర్నా వంటింట్లో నిలబడి చదివింది. చూపు బాగుంది, పరుగు బాగుంది, రూలు తెలుసు. కింద గ్లెన్ చేతిరాత: "ఆటగాళ్లతో మాటలు లేవు. కొత్తవాళ్లు చూసి నేర్చుకోవాలి."

అయస్కాంతం చేతిలోనే ఉంది. ఆమె ఫ్రిజ్ మీది పాత కాగితాల వైపు చూసింది, మళ్లీ ఈ కాగితం చూసింది.

"ఇది ఎవరి గురించి రాశారు ఆర్డెన్?"

"నా గురించే" అన్నాడు ఆయన. "నా గురించే అనుకుంటా."

వర్నా ఆ కాగితాన్ని ఎక్కడా అతికించలేదు. మడిచి సొరుగులో పెట్టి, బంగాళాదుంపలు చెక్కడానికి కూర్చుంది.